చివర్లో మారిపోయే ఆడది

నేను రాసిన మొదటి నాటికను నా కళ్ళముందే తలకిందులు చేసి, కింద నా పేరు అలాగే ఉంచి, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఊరూరా తిప్పారు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ సంగతి గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కాస్త చల్లబడ్డాక రాయి అని స్నేహితురాళ్ళు చెబుతూ వచ్చారు. చల్లబడతానన్న నమ్మకం నాకు లేదు. అందుకని ఇలాగే రాస్తున్నాను.

తొంభైల చివర్లో నేను చిలకలూరిపేటకూ మార్టూరుకూ మధ్య ఒక ఊళ్ళో హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. ముప్పై దాటినా పెళ్ళి చేసుకోలేదు. అద్దె ఇంట్లో ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఈ రెండు సంగతుల మీదా ఊళ్ళో ప్రతి ఒక్కరికీ ఒక అభిప్రాయం ఉండేది, అందరిదీ ఒకటే అభిప్రాయం. పాలు పోసే ఆవిడ, ఉత్తరాలు తెచ్చే ఆయన, స్కూల్లో అటెండరు, అందరూ ఒకే మాట అడిగేవాళ్ళు: "ఎన్నాళ్ళిలా మేడం?" ఎలా అని నేనడిగితే మాత్రం ఎవరి దగ్గరా జవాబు ఉండేది కాదు.

ఆ రోజుల్లో పై అధికారులు ఊళ్ళకొచ్చి సభలు పెట్టేవాళ్ళు. మా ఊరి సభ స్కూలు ఆవరణలోనే జరిగింది. షామియానా వేశారు, కుర్చీలు వేశారు, ముందు వరసలో రైతులు, వెనక నేల మీద కూలి జనం. సంక్షేమం గురించి, నీళ్ళ గురించి, రోడ్ల గురించి మాట్లాడి, చివరికి అధికారి నవ్వుతూ అడిగాడు: "ఏమ్మా, ఊళ్ళో అంతా బాగుందా?"

"బాగుందండీ!" అన్నారు అందరూ. హెడ్మాస్టరు గారు పిల్లలకు ముందురోజే నేర్పించారు కాబట్టి వాళ్ళ గొంతులు ఇంకా గట్టిగా వినిపించాయి.

వెనకనుంచి ఒక ముసలామె లేచి నిలబడింది. మిరప కోతలకు, పత్తి తీతలకు వెళ్ళే మనిషి. చర్చికి ఆనుకుని ఉన్న పేటలో ఉండేది. గొంతు పెద్దది చెయ్యకుండా, పక్కింటి వాళ్ళతో మాట్లాడినట్టే అంది: "బాగాలేదు బాబూ. మా పేటకి పంపునీళ్ళు రావట్లేదు. చెరువు నీళ్ళు తాగి పిల్లకాయలకి వాంతులవతన్నాయి."

అధికారి ఆమెను ఏమీ అనలేదు. నిజానికి వినడానికి మెడ ముందుకు చాచాడు కూడా. అంతలో పక్కనున్న ఆడవాళ్ళే ఆమె కొంగు పట్టి లాగారు. "కూసోవే! ఊరి పరువు తీయబాకు" అన్నారు. వాళ్ళూ ఆ పేటవాళ్ళే. వాళ్ళ పిల్లలకూ అవే వాంతులు. ముసలామె కూర్చోలేదు. లాగినవాళ్ళు ఆమెకు అడ్డంగా లేచి నిలబడి "బాగుందండీ, బాగుందండీ" అని చేతులూపారు. అధికారి ఊపిరి పీల్చుకుని మైకు పక్కవాళ్ళకు ఇచ్చేశాడు.

ఆ ఏడాది మిరప కోతలకు ఆమెను ఎవరూ పిలవలేదు. పొద్దున్నే పక్క ఊరి పొలాలకు ఒక్కతే నడిచి వెళ్ళడం చూసి, ఊళ్ళో కోత కూలీలను పోగుచేసే ముఠామేస్త్రి ఆడమనిషిని నేను ఆపి అడిగాను.

"ఆవిణ్ణి ఎందుకు పిలవట్లేదు? ఎవరన్నా వద్దన్నారా?"

"ఎవురూ అన్లేదండి."

"మరి?"

"అందరూ అనుకున్నారండి" అంది ఆమె, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు.

నేను ఇంటికొచ్చి ఆ మాట దగ్గరే కూర్చుండిపోయాను. ఎవరూ అనలేదు, అందరూ అనుకున్నారు. మనం చదివే కథల్లో చెడ్డ రాజ్యం అంటే ఒక నియంత ఉంటాడు, బూట్లు ఉంటాయి, జైలు ఉంటుంది. జనం పాపం అమాయకులు. రాసేవాళ్ళకు ఆ ఏర్పాటు ఎంత సుఖంగా ఉంటుందో! నియంతను ఒక్కణ్ణి దించేస్తే అంతా సరిపోతుంది. మా ఊళ్ళో దించడానికి ఎవరూ లేరు. కొంగు పట్టి లాగిన చేతులు పక్కింటివి.

వేసవి సెలవులు రాకముందే నాటిక రాశాను. పేరు "బాగున్నాం". రాబోయే కాలంలో, పేరులేని ఒక ఊరు. రోజూ సాయంత్రం గంట మోగుతుంది. ఎవరు మోగిస్తారో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. గంట మోగగానే అందరూ వాకిళ్ళలోకి వచ్చి నిలబడి "మేము బాగున్నాం" అని ఒక్క గొంతుతో అనాలి. ఒక సాయంత్రం ఒక తల్లి బయటికి వచ్చి, "నేను బాగాలేను" అంటుంది. ఆమె కూతురు చనిపోయి ఎన్నో రోజులు కాలేదు. ఇక అక్కడినుంచి ఇరుగుపొరుగు, భర్త, అత్త, ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆమెకు నచ్చచెబుతారు. ఎవరూ కొట్టరు, ఎవరూ తిట్టరు. అందరూ ప్రేమగానే మాట్లాడతారు. చివరికి మళ్ళీ గంట మోగుతుంది. అందరూ ఆమె వైపు చూస్తారు. ఆమె మళ్ళీ అదే మాట అంటుంది. తెర.

మా వైపు నాటక పరిషత్తులంటే తెలియనివాళ్ళు ఉండరు. ఎండాకాలం వస్తే ఏదో ఒక ఊళ్ళో పోటీలు. పత్తి అమ్ముకున్న రైతులు, లెక్చరర్లు, ఆర్టీసీ కండక్టర్లు కుర్చీలు అద్దెకు తెచ్చి స్టేజీ కట్టి, వారం వారం నాటికలు చూస్తారు. మాకు దగ్గరి టౌన్లో ఒక నాటక సమాజం ఉండేది. దాన్ని నడిపే డైరెక్టరుకు బజార్లో విత్తనాలు, పురుగుమందుల కొట్టు. మనిషికి నాటకమంటే ప్రాణం, ఆ మాట నేను కాదనను. కొట్లో బేరాల మధ్యే నా స్క్రిప్టు చదివి, కౌంటరు మీద అరచేత్తో కొట్టి, "అద్భుతమండీ టీచర్ గారూ! సైన్సు నాటికలాగుంది. మన పరిషత్తుల్లో ఎవడూ వెయ్యలా ఇట్టాంటిది" అన్నారు.

కాగితాలు మళ్ళీ వెనక్కి తిప్పి అడిగారు: "ఇందులో విలన్ ఎవరండీ?"

"అందరూనండి."

ఆయన గట్టిగా నవ్వి, పక్కన బెంచీ మీద కూర్చున్న రైతులకు కూడా ఆ జవాబు చెప్పి నవ్వించారు. నాకు ఆరోజు ఆయన మీద గౌరవం కలిగింది.

తల్లి పాత్రకు తెనాలి నుంచి ఒక నటిని పిలిపించారు. నలభై దాటిన మనిషి. మేకప్ సామాను ఉన్న రెగ్జిన్ బ్యాగు భుజానికి వేసుకుని, బస్సుల్లో ఊరూరూ తిరిగి నాటికల్లో వేషాలు వేసి బతికేది. సమాజంలో మగవాళ్ళందరూ సరదాకు వేసేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు స్టేజీ ఎక్కరు. ఆమెను మాత్రం పిలిచి, ఆమెతో పాటు వేషం వేసి, వెనక ఆమె గురించి లోకువగా మాట్లాడుకునేవాళ్ళు. ఆమెకది తెలుసు. తెలిసీ లెక్కచెయ్యనట్టు వెలిసిన చుడీదారుతో, పెద్ద గొంతుతో వచ్చి, చిక్కటి టీ అడిగేది.

మొదటిసారి స్క్రిప్టు చదివాక ఆమె నన్ను పక్కకు పిలిచింది. "మేడం, ఈవిడకి పేరు లేదేంటండి?"

"ఊళ్ళో ఎవరికీ లేదు."

"సరే. మరి ఆ చివరి మాట ఎట్టా అనాలి? ఏడుస్తానా, అరుస్తానా?"

చూపిస్తాను రమ్మన్నాను. మర్నాడు ఆమెను మా ఊరికి తీసుకొచ్చాను. ముసలామె పక్క ఊరి కల్లంలో ఎండబెట్టిన మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. ఘాటుకు మాకిద్దరికీ తుమ్ములు ఆగలేదు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నటి అడిగింది: "ఆ రోజు మీటింగులో ఏమన్నావు పెద్దమ్మా?"

"ఏమన్నా? నీళ్ళు రాట్లేదంటే రాట్లేదన్నా." ముసలామె తలెత్తకుండానే చెప్పింది. "అదో పెద్ద ముచ్చటైపోయింది వీళ్ళకి. నువ్వెవరమ్మా, పేపరోళ్ళా?"

"కాదులే. నాటకాలు వేస్తా."

"మా చర్చిలో కూడా వేత్తారు కిస్మస్‌కి" అని ఆమె మళ్ళీ పనిలో పడింది.

తిరిగొచ్చేటప్పుడు నటి బస్సెక్కే ముందు, "నాకు దొరికిందండి" అంది.

రిహార్సల్స్ ఒక జిన్నింగు మిల్లు షెడ్డులో జరిగాయి. వేసవి కాబట్టి మిల్లు నడవడం లేదు. గోడలకూ కిటికీలకూ పత్తి నూగు అంటుకుని ఉండేది. ఆమె ఆ చివరి మాటను ఏ హావభావమూ లేకుండా, పచారీ కొట్లో పప్పు ధర చెప్పినంత మామూలుగా అనేది. "నేను బాగాలేను."  భర్త వేషం వేసే కండక్టరు గారు ఒకరోజు చెమట తుడుచుకుంటూ, "ఏడిస్తే ఓదార్చొచ్చండి. ఇట్టా అంటే ఏం చెయ్యాలో తెలీట్లా" అన్నారు. నేను ఆనందంతో రెండు మూడు రోజులు సరిగ్గా తినలేదు.

ఇక నా ఆనందం అక్కడితో సరి.

అద్దంకి వైపు ఒక ఊరి పరిషత్తులో మా మొదటి ప్రదర్శన. దానికి ఇంకా రెండు రోజులుందనగా డైరెక్టరు నన్ను కొట్టుకు పిలిచి, ఫ్యాను నావైపు తిప్పి, కూల్‌డ్రింకు తెప్పించారు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

"కమిటీ వాళ్ళు స్క్రిప్టు చదివారండీ. చాలా మెచ్చుకున్నారు. ఒక్క ముగింపు దగ్గరే వాళ్ళకి కొంచెం ఇబ్బంది."

"ఏం ఇబ్బంది?"

"నెగెటివ్‌గా ఉందంటన్నారు. జనం ఇంటికెళ్ళేటప్పుడు గుండె నిబ్బరంగా వెళ్ళాలిగదా. చిన్న మార్పు చేశాను, చూడండి."

ఆయన చిన్న మార్పు ఇది. చివర అత్త వచ్చి కోడలి కాళ్ళ మీద పడుతుంది. అందరూ ఏడుస్తారు. తల్లి చేతులు జోడించి, "నా ఒక్కదాని బాధ కోసం ఊరి నవ్వును చెరిపేశాను, నన్ను క్షమించండి" అని, గంట మోగగానే అందరికంటే గట్టిగా "మేము బాగున్నాం!" అంటుంది. పాట. వెలుగు. తెర.

నేను ఆ కాగితాన్ని రెండోసారి చదవలేకపోయాను. "ఇది నా నాటిక కాదండి" అన్నాను.

"తొంభై శాతం మీదేగదండీ!"

"ఆ తొంభై శాతంలో ఆవిడ నిలబడిందే చివర్లో కూర్చోకుండా ఉండటానికి. మీరు కూర్చోబెట్టేశారు. పైగా క్షమాపణ కూడా చెప్పించారు. బిడ్డ పోయినందుకు ఆవిడ ఊరికి క్షమాపణ చెప్పాలా?"

"కోపం వద్దు టీచర్ గారూ. నాటకం సమాజం కోసం. 'నేను, నేను' అనేది స్వార్థం. 'మేము' అనేది సంస్కారం. ఆ సందేశం పోవాలి జనంలోకి."

"నేను రాసింది దానికి ఉల్టా."

"రచయిత పని రాయడం వరకేనండి" అన్నారాయన, చాలా మర్యాదగా, చాలా మృదువుగా. నాకు నా నాటికలో పొరుగువాళ్ళు గుర్తొచ్చారు. "ఇక దాని మంచిచెడ్డలు మేం చూసుకుంటాం."

నా పేరు తీసెయ్యమన్నాను. కరపత్రాలు అచ్చయిపోయాయన్నారు. నేను కూల్‌డ్రింకు తాగకుండా లేచి వచ్చేశాను. 

అయినా ఆ ఊరు వెళ్ళాను. నా పేరు పెట్టి ఏం చేస్తారో నా కళ్ళతో చూడాలనిపించింది. ఆ సాయంత్రం మొదటి నాటిక మాదే. ఇంకా పొద్దు పూర్తిగా కుంకలేదు. స్టేజీ ముందు ఊరంతా కూర్చుని ఉంది, వేరుశనక్కాయలు, మరమరాలు, ఏడ్చే పసిపిల్లలు. నేను పక్కగా ఆడవాళ్ళ వరసలో కూర్చున్నాను.

నాటిక బాగా నడిచింది. భర్త బతిమాలుతుంటే జనం వేరుశనక్కాయలు ఒలవడం ఆపేశారు. అత్త వచ్చి కాళ్ళ మీద పడింది. స్టేజీ మీద అందరూ ఏడుపు మొదలెట్టారు. తల్లి వేషంలో ఉన్న నటి చేతులు జోడించాలి. జోడించలేదు. గంట మోగింది. ఆమె ఏమీ అనలేదు.

పక్కన భర్త వేషంలోని మనిషి పెదవులు కదపకుండా గొణిగాడు. సైడ్ వింగ్‌లోంచి ప్రాంప్టరు "నా ఒక్కదాని బాధ కోసం" అని అందించాడు. మళ్ళీ, ఇంకాస్త గట్టిగా అందించాడు. ముందు వరసలకు వినిపించింది. ఎవరో నవ్వారు. గంట మళ్ళీ మోగించారు. ఆమె నిలబడే ఉంది.

అప్పుడు జరిగింది చెబితే కట్టుకథ అనుకుంటారు. జనంలోంచి ఒకడు లేచి అరిచాడు: "డైలాగు మర్చిపోయిందిరా! అనమ్మా, 'బాగున్నాం' అను!" ఇంకొకడు అందుకున్నాడు. తర్వాత ఆడవాళ్ళ వరసలో నా పక్కనున్నావిడే, ఒళ్ళో పిల్లను పెట్టుకుని, జాలిగా, "అనమ్మా, అనేస్తే అయిపోద్దిగా" అంది. మరో నిమిషానికి మైదానమంతా అరుస్తోంది. "అను! అను! బాగున్నాం అను!" పిల్లలు చప్పట్లతో తాళం వేస్తున్నారు. నా నాటికలో నేను రాసిన ఊరు కుర్చీల్లో కూర్చుని ఉంది. వాళ్ళకది తెలియదు. స్టేజీ మీద జరిగేది వేరే ఎవరి గురించో అనుకుంటున్నారు.

ఆమె అరుపులు తగ్గేదాకా ఆగింది. ఆగి, మైకుకు కాస్త దగ్గరగా జరిగి, మిల్లు షెడ్డులో అన్నంత మామూలుగా అంది: "నేను బాగాలేను."

తెర దబ్బున పడింది.

వెనక వరసల్లో కొందరు చప్పట్లు కొట్టారు. నేను లేచి నిలబడి కొట్టాను. ముందు వరసలు కొట్టలేదు. అంతలో తెర మళ్ళీ తీశారు. ఆమె లేదు. మిగిలిన నటులందరినీ చేతులు పట్టుకుని వరసగా నిలబెట్టారు, మధ్యలో డైరెక్టరు, మామూలు ప్యాంటూ షర్టుతోనే. అందరూ కలిసి "మేము బాగున్నాం!" అన్నారు. అప్పుడు మైదానమంతా మారుమోగేలా చప్పట్లు. మైకులో వ్యాఖ్యాత, "నటీమణి పొరపాటు వల్ల కలిగిన అంతరాయానికి చింతిస్తున్నాం" అన్నాడు.

నాకు అవమానంగా అనిపించలేదు. అసహ్యమేసింది. ఆ మైదానమంతా కలిసి వేసినంత బాగా నా నాటికను ఎవరూ వెయ్యలేరు.

తెరవెనక డైరెక్టరు ఆమెను నోటికొచ్చినట్టు అన్నారు. నేను మధ్యలోకి వెళ్ళాను. "ఆవిడ నా డైలాగు చెప్పింది, నేను రాసిన డైలాగు" అని అరిచాను. కమిటీ పెద్దమనిషి ఒకాయన నన్ను చూసి, "చదువుకున్నవాళ్ళు, మీరు కూడా ఇట్టా అరిస్తే ఎట్టాగమ్మా" అన్నాడు. అరవకుండా చెప్పిన మనిషికి వాళ్ళు ఏం చేశారో అక్కడే నిలబడి చూస్తున్నాం అందరం.

సమాజం వాళ్ళు ఆమెను వదిలేసి వ్యాన్‌లో వెళ్ళిపోయారు. మేమిద్దరం ఆడవాళ్ళకు బసగా ఇచ్చిన స్కూలు గదిలోనే పడుకుని, పొద్దున్నే బస్టాపులో కూర్చున్నాం. టీ తాగుతూ నేను ఆమె చెయ్యి పట్టుకుని, మీరు నా మాట నిలబెట్టారు అన్నాను. నాటిక విలువ కోసం ఎంత సాహసం చేశారు, అదీ ఇదీ అన్నాను.

ఆమె కాసేపు విని నవ్వింది. "మీ కోసం కాదు మేడం. ఏమనుకోబాకండి."

"మరి?"

"నేను ఎన్ని నాటికలు వేశానో నాకే గుర్తులేదు. అన్నిట్లోనూ ఒక్కటే వేషం. చివర్లో మారిపోయే ఆడది. మొగుడు తాగొచ్చి కొడితే, చివర్లో నేను మారిపోతా. అత్త సాధిస్తే నేను మారిపోతా. ఉద్యోగం చేస్తానంటాను, చివర్లో తప్పు తెలుసుకుని మానేస్తా. ప్రతి రోజూ క్షమించండి, క్షమించండి. నా సొంత మొగుడికి కూడా అన్నిసార్లు చెప్పలేదు నేను." ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టింది. "మీదాంట్లో మొదటిసారి మారదు. ఎంత హాయిగా ఉందో రిహార్సల్స్‌లో. ఆ కాయితం ఇచ్చి మళ్ళీ మారిపొమ్మంటే నాకు నోరు రాలేదండి. అంతే. పొగరనుకోండి."

"ముందే చెప్పొచ్చుగా వెయ్యనని?"

"చెబితే ఇంకో ఆవిణ్ణి పెడతారు. ఆవిడ మారిపోద్ది."

ఆ తర్వాత ఆమెను పరిషత్తులకు ఎవరూ పిలవలేదు. నిషేధం అని ఎవరూ ప్రకటించలేదు. డైరెక్టరు నలుగురికి ఫోన్లు చేశారు, ఆ నలుగురూ ఇంకో నలుగురికి చెప్పారు. "ఆవిడతో ఇబ్బందండీ" అంటే చాలు. నేను రెండు సమాజాల వాళ్ళను స్వయంగా కలిసి అడిగాను. వాళ్ళు నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, మాకేం అభ్యంతరం లేదు మేడం, కానీ మిగతావాళ్ళు ఏమనుకుంటారో అన్నారు. రెండో సమాజం కూడా సరిగ్గా అదే వాక్యం చెప్పింది. ఆ మిగతావాళ్ళు ఎక్కడుంటారో నాకింతవరకూ ఎవరూ చూపించలేదు. ఆమె తెనాలిలో ఒక టైలరింగు షాపులో జాకెట్లకు హెమ్మింగు చేస్తోందని తెలిసింది.

మరుసటి వేసవికి "బాగున్నాం" మళ్ళీ మొదలైంది. కొత్త నటి, కొత్త ముగింపు, నా పేరు. ఒకచోట బహుమతి కూడా వచ్చింది. స్టాఫ్ రూమ్‌లో నన్ను అభినందించారు. నాకు రక్తం సలసలా కాగింది.

ఆ వేసవి నేను చేసిన పని గురించి ఇప్పటికీ కొందరు నన్ను వెక్కిరిస్తారు. నాటిక ఎక్కడ వేస్తున్నారో కనుక్కుని, బస్సెక్కి అక్కడికి వెళ్ళేదాన్ని. తెర పడేదాకా కూర్చుని, చప్పట్లు ఆగగానే లేచి నిలబడి గట్టిగా చెప్పేదాన్ని: "ఈ నాటిక రాసింది నేను. మీరిప్పుడు చూసిన ముగింపు నాది కాదు. నా నాటికలో ఆవిడ క్షమాపణ చెప్పదు."

మొదటిసారి, పర్చూరు దగ్గర, జనం నవ్వారు. బ్యాడ్జీ పెట్టుకున్న కుర్రాళ్ళు ఇద్దరు నన్ను మర్యాదగా గేటుదాకా నడిపించారు. వెనకనుంచి మాటలు వినిపించాయి. "ఎవురీవిడ?" "పెళ్ళిగాని పంతులమ్మంటలే." ఇద్దరూ తృప్తిగా ఊరుకున్నారు. నా మాటకు అర్థం దొరికిపోయింది వాళ్ళకు.

రెండోసారి, వినుకొండ వైపు, నేను లేచి చెప్పగానే ఒక ఆడమనిషి వెనక వరసలోంచి లేచి అడిగింది: "మరి నీదాంట్లో ఏమంటదమ్మా?"

ఆ ప్రశ్న కోసమే అన్ని బస్సులు ఎక్కానేమో. "నేను బాగాలేను అంటుంది" అని చెప్పాను.

"అని?"

"అంతే. అని నిలబడుతుంది."

"ఊఁ" అంది ఆవిడ.  కూర్చోకుండా నావైపు చూస్తూనే ఉంది. వాలంటీర్లు వచ్చేలోపు ఇంకొందరు ఆడవాళ్ళు తిరిగి చూశారు.

స్కూలుకు ఫిర్యాదు వెళ్ళింది. హెడ్మాస్టరు గారు పిలిచారు. "మీరు నాటకాల్లో గొడవ చేస్తున్నారంటమ్మా?"

"నా నాటకంలోనేనండి."

"స్కూలు పేరు పోతుంది."

"నేను స్కూలు పేరు చెప్పట్లేదు సార్. నా పేరు చెబుతున్నాను. వాళ్ళు కూడా నా పేరే వేసుకుంటున్నారు."

ఆయన చాలాసేపు పేపర్‌వెయిట్ తిప్పారు. చెడ్డమనిషి కాదు. "అందరితో పాటు పోవచ్చుగదమ్మా" అన్నారు చివరికి, నిజంగా అర్థంకాక. నేను జవాబు చెప్పలేదు. చెబితే అక్కడే ఏడ్చేదాన్ని, నన్ను ఓదార్చడం ఆయనకు తేలికైపోయేది.

ఇంకొన్ని చోట్ల అలా లేచాక, పరిషత్తు కమిటీలు "ఆ టీచరమ్మ వస్తుందేమో" అని "బాగున్నాం"ను పిలవడం మానేశాయి. డైరెక్టరే కబురు పంపారు. కొట్టుకు వెళ్ళాను. పురుగుమందుల వాసన, బెంచీ మీద రైతులు, అంతా మామూలే. ఆయన స్క్రిప్టు కాపీలన్నీ కట్టగట్టి కౌంటరు మీద పెట్టారు.

"తీసుకెళ్ళండి. ఒక మంచి నాటికను చంపేశారు. ఏం సాధించారండీ?"

"మీరు మానేశారుగా. అది సాధించాను."

"మొండితనం" అన్నారు బెంచీ వైపు తిరిగి. రైతులు తలలూపారు. నేను కట్ట తీసుకుని మెట్లు దిగుతుంటే వెనకనుంచి పిలిచారు. "టీచర్ గారూ! మీ చేతిలో పదునుంది. ఇంకోటి రాయండి. ఈసారి కాస్త అందరికీ నచ్చేట్టు." ఆయన ఎగతాళి చెయ్యలేదు, మనస్ఫూర్తిగానే అన్నారు. ఆ మంచితనమే నన్ను ఎక్కువ మండించింది. శత్రువైతే పోట్లాడొచ్చు.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళు గడిచాక నాకు మంగళగిరి దగ్గరికి బదిలీ అయింది. ఒకరోజు స్కూలుకు ఫోను. ఆమే. హెమ్మింగు చేసి చేసి కళ్ళు మసకలవుతున్నాయంది. తాడేపల్లిలో కొంతమంది కాలేజీ పిల్లలు, ఇద్దరు రైల్వే ఉద్యోగులు కలిసి కొత్తగా సమాజం పెట్టారంది. వాళ్ళకు పాత గొడవలు తెలియవు, తెలిసినా పట్టలేదు. "మేడం, ఆ నాటిక ఇస్తారా? నేను చెప్పానండీ వాళ్ళకి, ముగింపులో కామా కూడా మార్చకూడదని."

తాడేపల్లిలో ఒక స్కూలు హాల్లో ఆదివారం మధ్యాహ్నం వేశారు. బహుమతులు లేవు, న్యాయనిర్ణేతలు లేరు. హాలు సగం నిండింది. ఆమెకు వయసు మీద పడింది. గొంతు మాత్రం అలాగే ఉంది. గంట మోగింది, అందరూ చూశారు. ఆమె అనాల్సిన మాట అంది. ఈసారి తెర పడ్డాక మళ్ళీ తియ్యలేదు. హాల్లో చప్పట్లు మొదలవడానికి కాస్త సమయం పట్టింది. కొంతమంది కొట్టకుండానే వెళ్ళిపోయారు.

బయట చెప్పులు వేసుకుంటుంటే తెల్ల చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టాడు.

"చాలా బాగా రాశారమ్మా. ఒక్కటే లోటు. చివర్లో ఆవిడ మారిపోయినట్టు చూపిస్తే ఇంకా బాగుండేది."

"మీరు మారండి" అన్నాను.

ఆయన సరదాగా అన్నాననుకుని నవ్వబోయాడు. నా మొహం చూసి ఆగిపోయాడు. వెనక గుమ్మంలో సగం మేకప్ తుడుచుకుని నిలబడిన ఆమె మాత్రం, హాలంతా వినబడేలా పెద్దగా నవ్వింది.